పాత ఆర్‌ఎక్స్ 100 పెట్రోల్ కాక్ కారుతుంటే: కొత్తది కొనే ముందు పాతది విప్పి చూడు

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారి 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు చాన్నాళ్లు అక్కయ్యపాలెంలో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పడి ఉంది. ఈమధ్యే బయటికి తీసి నడుపుతున్నావు. కాక్, అంటే ట్యాంకు కింద పెట్రోల్‌ని వదిలే, ఆపే కుళాయి, ఆఫ్‌లో పెట్టినా తెల్లారేసరికి బండి కింద తడి, సెల్లార్ అంతా పెట్రోల్ వాసన. మెకానిక్ కొత్త కాక్ వేస్తే కొన్నాళ్లకే అదీ కారడం మొదలైంది. దీనికి తోడు మధురవాడ దాటి హైవే మీద స్పీడు అందుకోగానే మిస్సింగ్ కొట్టి దిగిపోతోంది, పక్కన ఆపి రెండు నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా నడుస్తోంది. ఇప్పుడేమో ట్యాంకే మార్చాలంటున్నారు, మార్చమంటారా అని అడిగావు.

ట్యాంకు మార్చకు. కంపెనీ ట్యాంకు ఒకసారి చెయ్యి జారితే అలాంటిది మళ్లీ దొరకదు. పాత కాక్ మెకానిక్ దగ్గరే ఉండిపోయి ఉంటే ముందు వెళ్లి అది తెచ్చుకో. తొంభైల నాటి కాక్ బాడీ, రబ్బర్లు మార్చుకుంటే, ఈరోజు కవర్లో వేలాడదీసి అమ్ముతున్న చాలా వాటికంటే గట్టిగా పనిచేస్తుంది. పాడయ్యేది లోపలి రబ్బరే తప్ప బాడీ పాడవడం తక్కువ.

అన్నిటికంటే ముందు ఆ సెల్లార్ సంగతి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. మన వైజాగ్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్లోనే నీళ్ల మోటారు స్టార్టరు ఉంటుంది, మీటర్ల బోర్డు ఉంటుంది, ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగ్ కూడా అక్కడే. మోటారు ఆన్ అయినప్పుడు స్టార్టరులో వచ్చే చిన్న మెరుపు చాలు. కాబట్టి ఈ రాత్రి నుంచే బండిని ఆరుబయట పెట్టు, ట్యాంకులో పెట్రోల్ ఖాళీ చేసి వేరే బండిలో పోసెయ్యి. ప్లాస్టిక్ నీళ్ల సీసాల్లో నింపి బాల్కనీలో దాచకు. రిపేరు కూడా బయటే చెయ్యి, పగటిపూట చెయ్యి. దగ్గర్లో పొడి ఇసుక బకెట్ ఒకటి ఉంచుకో. పెట్రోల్ మంట మీద నీళ్లు కొడితే పెట్రోల్ నీటి మీద తేలుతూ మంటను ఇంకా దూరం తీసుకెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. తడి ఉంది అంటే కాక్ కారుతోంది అని అందరూ తేల్చేస్తారు, కానీ చుక్క పడేచోట లీకు ఉండాలని లేదు. పెట్రోల్ పలచగా పాకుతూ వచ్చి అన్నిటికంటే కిందున్న చోట చుక్కగా రాలుతుంది. దీన్ని పట్టుకోడానికి ఖర్చులేని మార్గం ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్. కాక్ చుట్టూ, దాన్ని తిప్పే లివర్ కింద, పైపు చివర్లు, కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే కప్పు అంచు అన్నీ పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, గాలికి ఆరాక, పలచగా పౌడర్ చల్లి పది పదిహేను నిమిషాలు చూస్తూ కూర్చో. లీకు మొదలయ్యే చోట పౌడర్ ముందుగా తడిసి రంగు మారుతుంది, అక్కణ్ణుంచి కిందికి గీతలా దిగుతుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో చూడు, లీకు అక్కడే.

ఆ పై కొస ట్యాంకుకీ కాక్‌కీ మధ్య ఉంటే అక్కడి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) పోయింది, లేదా బోల్టుల కింద వాషర్లు పోయాయి. లివర్ చుట్టూ తడిస్తే లోపలి రబ్బరు గానీ, లివర్‌ని నొక్కిపట్టే, అలలా వంకరలున్న అల వాషర్ (వేవ్ వాషర్) గానీ బలం తగ్గింది. కాక్ ఎక్కడా తడవకుండా కార్బొరేటర్ కింద వేలాడే ఓవర్‌ఫ్లో పైపు చివర మాత్రమే చుక్క పడుతుంటే కథ వేరు. అప్పుడు నీకు ఒకటి కాదు, రెండు లోపాలున్నట్టు. కాక్ ఆఫ్‌లో పూర్తిగా మూయడం లేదు, దాని తర్వాత అడ్డుకోవాల్సిన ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ కప్పు నిండగానే దారి మూసే సూది) కూడా మూయడం లేదు. నా అంచనా నీది ఇదే. ఎందుకంటే కాక్ బయటికి కారితే బండి నడుస్తున్నప్పుడు కూడా వాసన తెలుస్తుంది, నువ్వేమో తెల్లారే తడి అంటున్నావు. ఇలాంటప్పుడు చాలామంది కార్బొరేటర్ నీడిల్ మార్చేసి, చుక్క ఆగింది కదా అని వదిలేస్తారు. రేపు ట్యాంకులోంచి ఒక తుప్పు రేణువు వచ్చి ఆ నీడిల్ కింద ఇరుక్కుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఆఫ్ అంటే ఆఫ్ అయ్యేది కాక్ దగ్గరే కావాలి. నీడిల్ ఉన్నది బండి నడుస్తున్నప్పుడు కప్పులో మట్టం చూసుకోడానికే, రాత్రంతా ట్యాంకుని ఆపడానికి కాదు.

ఆఫ్ సరిగ్గా పడుతోందా లేదా చూడాలంటే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి దాని చివర ఒక గాజు సీసాలో పెట్టు. లివర్ ఆఫ్‌లో పెట్టి, ట్యాంకులో లీటరు పెట్రోల్ ఉంచి, ఆరుబయట నీడలో రెండు గంటలు వదిలెయ్యి. సీసా అడుగున ఒక్క చుక్క కూడా పడకూడదు. కొద్దిగానే కదా అనుకోవద్దు, రెండు గంటల్లో చెంచాడు వచ్చిందంటే ఆ రబ్బరు అయిపోయినట్టే. నీ ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్‌లో ఇలా ఊరిన పెట్రోల్ రీడ్ వాల్వ్ (ఇంజన్‌లోకి దారి తెరిచే పలచటి రేకు) దాటి ఇంజన్ అడుగున ఉండే క్రాంక్ కేసులోకి దిగుతుంది, పొద్దున కిక్ బరువుగా వస్తుంది, ప్లగ్ తీస్తే తడిగా ఉంటుంది. స్ప్లెండర్, సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో పెట్రోల్ సిలిండర్ గోడల వెంట ఇంజన్ ఆయిల్లోకి దిగిపోతుంది. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయనే కూడదు, పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు నలిగిపోతాయి.

అదే సీసాతో ఇంకో పరీక్ష కూడా చేసెయ్యి, నీ హైవే సమస్యకి జవాబు అందులో ఉంది. లివర్ ఆన్‌లో పెట్టి ఒక నిమిషంలో ఎంత పడుతుందో కొలువు. ఎంత రావాలి? లెక్క వేసి చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో లీటరుకు 25 వస్తోందనుకుంటే గంటకు 3.2 లీటర్లు, అంటే నిమిషానికి 50 మిల్లీలీటర్ల పైనే ఇంజన్ తాగుతోంది. ఫ్లోట్ నీడిల్ దాటి వెళ్లేటప్పుడు ధార తగ్గుతుంది, ట్యాంకు సగానికి దిగితే ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఊడదీసిన పైపు చివర నిమిషానికి 200 మిల్లీలీటర్ల దాకా వస్తేనే నేను సరే అంటాను. 100 కంటే తక్కువైతే ఎక్కడో అడ్డుంది. ధార సన్నగా మొదలై అలా అలా తగ్గిపోతుంటే వెంటనే ట్యాంకు మూత తెరిచి చూడు. ధార ఒక్కసారిగా పెరిగిందంటే కాక్ తప్పేం లేదు, మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం మూసుకుపోయింది. ఆపి రెండు నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తోంది అన్నావు చూడు, అది మూత రంధ్రానికి కూడా సరిపోయే లక్షణం, కాక్ గొట్టం మీదుండే వడపోత జాలీ మూసుకుపోయినా అలాగే ఉంటుంది. మూత తెరిచి చూడకుండా ఏ భాగమూ కొనకు.

ఈ మిస్సింగ్‌ని తేలిగ్గా తీసుకోకు తమ్ముడూ. టూ స్ట్రోక్‌లో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అయితే మంట వేడెక్కిపోతుంది. ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ పంపు వేరుగా ఉన్నా సరే, నిండు థ్రాటిల్లో పెట్రోల్ అందకపోతే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్లో పట్టేస్తుంది. లారీల మధ్య హైవే మీద వెనక చక్రం ఒక్కసారిగా లాక్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇది తేలేదాకా హైవే ఎక్కకు, సింహాచలం ఘాట్ కూడా వద్దు, ఊళ్లోనే మెల్లగా తిప్పుకో. ఎక్కడైనా ఇంజన్ గొంతు మారి బరువెక్కినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టెయ్యి.

ఆన్, రిజర్వ్ రెండూ వేరువేరుగా కొలవడం మర్చిపోకు. ట్యాంకు లోపలికి కాక్ నుంచి ఒక నిలువు గొట్టం ఉంటుంది. ఆన్‌లో పెట్రోల్ ఆ గొట్టం పైచివర నుంచి వస్తుంది, మట్టం దానికంటే కిందికి దిగితే ఆగిపోతుంది, అప్పుడు రిజర్వ్‌కి తిప్పితే అడుగున ఉన్న రంధ్రం నుంచి మిగతాది వస్తుంది. ఆ గొట్టం మొదట్లో పగిలినా, వదులై ఊగుతున్నా ఆన్‌లోనే ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోతుంది, భీమిలి బీచ్ రోడ్డులో ఆగిపోయి రిజర్వ్‌కి తిప్పితే అక్కడ ఏమీ ఉండదు. ఇంకొకటి, రిజర్వ్‌కి తిప్పగానే బండి దగ్గి ఆగిపోతోందంటే అడుగున నీళ్లున్నాయి. మన ఊళ్లో ఇది చాలా మామూలు. సముద్రపు గాలిలో తేమ, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు, రాత్రి చల్లబడినప్పుడు లోపలి రేకుకి పట్టే చెమ్మ, అన్నీ కలిసి అడుగుకి దిగుతాయి. దానికి తోడు 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పీల్చుకోగలిగినంత పీల్చుకుని, అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున పొరలా నిలుస్తాయి. రిజర్వ్ రంధ్రం ఉన్నది సరిగ్గా అక్కడే.

రబ్బరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. ఆ కాలం రబ్బరు ఆ కాలం పెట్రోల్‌కి సరిపోయేలా చేసింది. ఇథనాల్ ఎక్కువున్న పెట్రోల్లో అలాంటి కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి, బండి నెలల తరబడి ఆగి ట్యాంకు ఎండిపోతే కుంచించుకుపోయి గట్టిపడతాయి. నడిచినన్నాళ్లూ బాగానే ఉన్న బండి, పడేసి తీశాక కారడం వెనక కారణం ఎక్కువగా ఇదే. కొన్నిసార్లు పెట్రోల్ పోసిన ఒకటి రెండు రోజులకి రబ్బరు మళ్లీ తడిసి ఉబ్బి లీకు దానంతటదే ఆగినట్టు కనిపిస్తుంది. ఆ ఆగడాన్ని నమ్మకు.

ఇక విప్పడం. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, దించి, పాత దుప్పటి మీద పక్కకి వాల్చి పెట్టు. కాక్ బోల్టులు రెండూ కొంచెం ఇటు, కొంచెం అటు వదులు చేస్తూ తియ్యి. కొన్ని బండ్లకి బోల్టుల బదులు ఒకే పెద్ద నట్టు ఉంటుంది, అప్పుడు ఒక చేత్తో కాక్ కదలకుండా పట్టుకుని స్పానర్ తిప్పాలి, లేదంటే లోపలి గొట్టం మెలిపడుతుంది. లివర్ మీదున్న చిన్న రేకుకి రెండు స్టార్ స్క్రూలు ఉంటాయి, ఈ పనిలో మనుషుల్ని ఏడిపించేవి అవే. అరిగిపోయిన స్క్రూడ్రైవర్‌తో తల నమలేయకు. గాడిలో కచ్చితంగా కూర్చునే కొత్త స్క్రూడ్రైవర్ తీసుకుని, తుప్పు వదిలించే ఆయిల్ రాత్రంతా నాననిచ్చి, పొద్దున పిడి మీద సుత్తితో చిన్నగా తట్టి, గట్టిగా నొక్కుతూ తిప్పు. రాకపోతే వేడి చేద్దామనే ఆలోచన రానీయకు, అది పెట్రోల్ పీల్చిన వస్తువు. రేకుని స్క్రూల బదులు రివెట్లతో బిగించిన కాక్ అయితే విప్పే పని పెట్టుకోకుండా మార్చుకోవడమే మేలు.

రేకు కింద అల వాషర్, దాని కింద లివర్, లివర్ వెనక గుండ్రటి నాలుగు బొక్కల రబ్బరు. వచ్చిన వరుసలోనే ఒక తెల్ల గుడ్డ మీద పేర్చుకుంటూ పో, ఒక్కో దశకీ ఫోన్లో ఫొటో తీసుకో. ఆ రబ్బరు బాడీలో కదలకుండా కూర్చుంటుంది, లివర్ ముఖం దాని మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. లివర్ ముఖం మీద ఒక పల్లం ఉంటుంది, ఆ పల్లం ఏ రెండు బొక్కల్ని కలిపితే పెట్రోల్ ఆ దారిన పోతుంది, ఏదీ కలపకపోతే ఆఫ్. రబ్బరుని వెలుతురులో వంచి చూడు. బొక్కల చుట్టూ లివర్ అచ్చు లోతుగా పడి ఉన్నా, గోరుతో నొక్కితే గుంట పడకపోయినా, అంచుల్లో సన్న పగుళ్లు కనిపించినా మార్చాల్సిందే. చాలామంది తిరగేసి వేస్తారు. దారిలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి సరే, తర్వాత అలాగే ఉంచేయడం తప్పు.

అసలు కిటుకు లివర్ ముఖంలో ఉంది, మీ మెకానిక్ దాన్ని చూసి ఉండడనే అనుకుంటున్నాను. మన తీరంలో పాత కాక్ ఏది విప్పినా ఆ ముఖం మీద తెల్లటి పొడి, దాని కింద సూది పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. ఉప్పు గాలీ తేమా చేసే పని అది. ఆ గరుకు మీద ఎంత కొత్త రబ్బరు వేసినా కొన్నాళ్లకే కోసుకుపోతుంది. ఒక అద్దం ముక్క మీద 1000 నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్లలో తడిపి, లివర్ ముఖాన్ని బోర్లా పెట్టి వేలి బరువుతో మాత్రమే ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దు. ముఖమంతా ఒకే రంగులోకి వచ్చేదాకా చాలు, లోహం తినేసేంత వద్దు. తర్వాత 1500తో నునుపు చెయ్యి. రబ్బరు కూర్చునే పల్లంలో కూడా తెల్ల పొడి ఉంటే ఒక చదును చెక్క ముక్కకి అదే పేపర్ చుట్టి మెల్లగా తియ్యి. అంతా కిరోసిన్‌తో కడిగి, రంధ్రాల్లోంచి గాలి ఊది, పూర్తిగా ఆరనివ్వు.

కాక్ రబ్బర్లు, వాషర్లు కలిపి అమ్మే రిపేరు కిట్ దొరికితే అదే కొను, కొత్త కాక్‌తో పోలిస్తే చాలా తక్కువలో వస్తుంది. ఓ-రింగ్ వరకైతే పాతది చేత్తో పట్టుకుని గాజువాక ఆటోనగర్ లాంటి చోట బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే షాపులో వైటాన్ రకం అడుగు, అది ఇథనాల్ పెట్రోల్‌కి బాగా నిలబడుతుంది. రంగు చూసి వైటాన్ అని నిర్ణయించుకోకు, గోధుమ రంగు, ఆకుపచ్చ, నలుపు అన్నిట్లోనూ వస్తుంది. సిలికాన్ గమ్ పూయడం, ఎపాక్సీ ముద్ద అద్దడం, రబ్బరు కింద టెఫ్లాన్ టేపు చుట్టడం ఇవేవీ వద్దు. గమ్ పెట్రోల్‌కి మెత్తబడి ముక్కలుగా ఊడి నేరుగా కార్బొరేటర్ జెట్ సన్న రంధ్రంలోకి పోతుంది. గ్రీజు కూడా కరిగిపోతుంది, ఓ-రింగ్ మీద ఒక చుక్క ఇంజన్ ఆయిల్ చాలు.

పాత బాడీ నిజంగా పగిలిపోయి కొత్తదే తప్పదంటే, బిగించకముందే పరీక్షించు. ఇంకా పెట్రోల్ తగలని కొత్త కాక్ కాబట్టి నోటితో ఊదొచ్చు. కింది ముక్కుకి శుభ్రమైన పైపు తగిలించి, కాక్‌ని నీళ్ల గిన్నెలో ముంచి, ఆఫ్‌లో పెట్టి ఊదు. గొట్టం దగ్గర గానీ లివర్ దగ్గర గానీ బుడగ వస్తే అక్కడే తిరిగి ఇచ్చెయ్యి. లోపలి గొట్టం పొడవు పాతదానితో పక్కపక్కన పెట్టి చూడు, పొట్టిగా ఉంటే నీ రిజర్వ్ తగ్గిపోయినట్టు. జాలీ ఉందో లేదో, బోల్టు రంధ్రాల దూరం సరిపోతోందో కూడా చూడు. నీళ్లలో ముంచినది పూర్తిగా ఆరాకే ట్యాంకుకి ఎక్కించు.

కాక్ బయట ఉన్నప్పుడే ట్యాంకు లోపలికి టార్చ్ వేసి చూడు. అడుగున ఎర్రటి పొడి కదులుతుంటే ఇవన్నీ చేసినా మళ్లీ జాలీ మూసుకుంటుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో కరిగించి ట్యాంకులో నింపి ఒక రాత్రి ఉంచి పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ఆలస్యం చేయకుండా ఎండలో మూత తెరిచి ఆరబెట్టి, ఆరిన వెంటనే కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అన్ని వైపులా తిప్పు. తడిగా వదిలేస్తే కడిగిన గంటలోనే కొత్త తుప్పు పడుతుంది. బయట అదనంగా కాగితం ఫిల్టర్ పెట్టమని ఎవరైనా అంటే, ఇది పంపు లేని బండి, బరువు మీద దిగే పెట్రోల్, కాబట్టి పెట్టాక నిమిషం ధార మళ్లీ కొలిచి 200 వస్తేనే ఉంచు.

బిగించేటప్పుడు బోల్టుల కింద కొత్త ఫైబర్ వాషర్లు వెయ్యి, రెండూ వంతులవారీగా బిగించు, ఓ-రింగ్ నొక్కుకున్నట్టు చేతికి తెలిశాక ఇంకో కాస్త మాత్రమే. అక్కడ మర పోతే పాత ట్యాంకుకి మళ్లీ మర వేయించడం పెద్ద పని. పసుపెక్కి గట్టిపడిన పైపు కూడా ఇప్పుడే మార్చెయ్యి, రెండు చివర్లా క్లిప్పులు పెట్టు. ముందు అర లీటరు పోసి పౌడర్ పరీక్ష, తర్వాత రెండు గంటల సీసా పరీక్ష, ఆన్‌లో ధార, రిజర్వ్‌లో ధార. ఇవి దాటాకే కార్బొరేటర్‌కి తగిలించి, కప్పు విప్పి నీడిల్ రబ్బరు కొన చూడు. దాని చుట్టూ గీత పడి ఉంటే అది కూడా మార్చాలి. అన్నీ అయ్యాక ఇంకో రెండు మూడు రాత్రులు బయటే ఉంచి, కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, పొద్దున లేవగానే మరకా వాసనా చూసుకుని, ఏమీ లేకపోతే అప్పుడు సెల్లార్లోకి దించు.